టెలిఫోను తీగెపై కంప్యూటరు: లోపలి మోడెమును నెలకొల్పు విధము



ఈ సాయంకాలము నేను మీకు విన్నవింపదలచినది మోడెము అను చిన్న యంత్రమును గూర్చి. కంప్యూటరును టెలిఫోను తీగెకు సంధించి, ఆ తీగె మార్గమున దూరపు కంప్యూటరులతో మాటలాడించు సాధనమునకు మోడెమని పేరు. పెట్టెకు వెలుపల నుండు మోడెము లొక విధమైనవి. పెట్టె లోపల నిముడునవి మఱియొక విధమైనవి. లోపలి మోడెమును యూనిక్సు జాతికి చెందిన వ్యవస్థ గల కంప్యూటరులో ఎట్లు నెలకొల్పవలెనో, అందు వచ్చు చిక్కు లెవ్వియో, వానిని ఏ క్రమమున విప్పవలెనో వివరించుట నా యుద్దేశము.

ఇది పాతబడిన సంగతి గదా, ఇప్పుడేల యని మీలో కొందఱు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు ద్వారమును తెఱచినప్పుడు సామాన్య గృహస్థునకు దొరకిన దారి టెలిఫోను తీగెయే. నేడు చేతిలోని ఫోను ఆ పనిని అనేక రెట్లు వేగముగా చేయుచున్నది. అమెరికాలో ఏఓఎల్ అను ప్రసిద్ధ సంస్థ తన టెలిఫోను మార్గపు ఇంటర్నెట్టును 2025 సెప్టెంబరు 30వ తేదీన నిలిపివేసినది. మన తంతి వార్తలు 2013 జూలై మాసమున ముగిసినట్లే ఈ పద్ధతియు ముగింపునకు వచ్చినది.

అయినను పాత కంప్యూటరులు ఇంకను అక్కడక్కడ అటకలమీద నున్నవి. వాని లోపల మోడెములు నున్నవి. అంతకన్న ముఖ్యమైన కారణ మొకటి కలదు. మనమొక వస్తువును కొనునప్పుడు దానితోపాటు దాని విద్యయు మన యింటికి వచ్చుచున్నదా, లేక విద్య అమ్మినవాని యొద్దనే నిలిచిపోయి వస్తువు మాత్రమే వచ్చుచున్నదా? ఈ ప్రశ్న నాగలి కొన్నను, నీటి పంపు కొన్నను, చేతి ఫోను కొన్నను మనలను విడువదు. దీనికి సమాధానము మోడెము చరిత్రయందు కనబడునంత తేటగా మఱెక్కడను కనబడదని నా యభిప్రాయము. కావున ఈ ప్రసంగము పాత యంత్రమును గూర్చినదైనను ప్రయోజనము నేటిదే.

మొదట మోడెము చేయు పనిని తెలిసికొందము. కంప్యూటరు లోపల సమస్త సమాచారమును ఒకటి, సున్న యను రెండు గుర్తులతోనే నడచును. ఒక్కొక్క గుర్తునకు బిట్టని పేరు. టెలిఫోను తీగె యన్ననో మనుష్యుని కంఠధ్వనికై యేర్పడినది. సెకనునకు ఇంచుమించు 300 మొదలు 3,400 వఱకు కంపనములు గల ధ్వనులనే అది చక్కగా కొనిపోవును. ఒకటి, సున్నల గుర్తులు దానిపై సూటిగా పోజాలవు. అందుచేత ఈవలి మోడెము గుర్తులను ధ్వనిగా మార్చి పంపును. ఆవలి మోడెము ఆ ధ్వనిని విని మరల గుర్తులుగా మార్చును. పూర్వము తంతి కచేరీలో గుమాస్తా అక్షరములను టక్కుటక్కు శబ్దములుగా మార్చి పంపగా, ఆవలి యూరి గుమాస్తా వానిని విని అక్షరములుగా వ్రాసికొనెడివాడు. ఆ యిద్దఱు గుమాస్తాల పనియే ఈ యంత్రముల పని. మార్చుటకు మాడ్యులేషను, మరల విప్పుటకు డీమాడ్యులేషను అని పేర్లు. వాని మొదటి యక్షరములు కలిసి మోడెమైనది.

దీని వేగము క్రమముగా పెరిగినది. 1981లో అమెరికాలోని హేస్ సంస్థ తెచ్చిన స్మార్టుమోడెము సెకనునకు 300 బిట్లు పంపెడిది. 1994లో 28,800, 1996లో 33,600, 1998లో 56,000 బిట్ల వేగములకు అంతర్జాతీయ ప్రమాణము లేర్పడినవి. చివరి వేగము ఆవలినుండి మనకు వచ్చు దిశయందు మాత్రమే. అదియు తీగె నిర్దోషముగా నున్నప్పుడే. 33,600 వేగమున నెంత వచ్చునో లెక్క చూతము. నేడు వాడుకలోనున్న పద్ధతిని బట్టి తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతమునకు 24 బిట్లు పట్టును. కావున సెకనునకు 1,400 సంకేతములు, అనగా చిన్న యుత్తరములో నొక పుట, వచ్చును. అదే పది లక్షల బైట్ల పరిమాణము గల ఛాయాచిత్రము రావలెనన్న నాలుగు నిమిషములు పట్టును. ఉత్తరములకు ఈ దారి చాలును, బొమ్మలకు చాలదు.

ఇక యూనిక్సు సంగతి. కంప్యూటరులోని పరికరములను, ప్రోగ్రాములను అదుపులో నుంచి నడపు పెద్ద ప్రోగ్రామును నిర్వాహక వ్యవస్థ యందురు. యూనిక్సు అట్టి వ్యవస్థ. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు దానిని ప్రారంభించిరి. దాని పద్ధతి ననుసరించి 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను వ్యవస్థకు మూలమైన కర్నెలును వ్రాసి అందఱికి పంచిపెట్టెను. కర్నెలనగా వ్యవస్థ యొక్క గింజ. పరికరములతో నేరుగా మాటలాడు అధికారము దానికే కలదు. నేను చెప్పబోవు విధానము లినక్సునకు చెందినది. తక్కిన యూనిక్సు జాతులలో పేర్లు మాఱును గాని వరుస మాఱదు.

యూనిక్సులో నొక చక్కని యేర్పాటు కలదు. చాలవఱకు పరికరములను ఒక్కొక్క దస్త్రము వలె పేరు పెట్టి 'డెవ్' అను అరలో నుంతురు. ఆ దస్త్రములో వ్రాసినది పరికరమునకు చేరును. పరికరము పలికినది ఆ దస్త్రమున చదువుకొనవచ్చును. మోడెము వంటి పరికరములకు 'టీటీవైఎస్' అను పేరును, వెనుక నొక సంఖ్యయు నుండును. మొదటిది టీటీవైఎస్-0, రెండవది టీటీవైఎస్-1, ఇట్లు. 'టీటీవై' యనునది టెలిటైపురైటరు అను మాటకు సంక్షేపము. పత్రికా కార్యాలయములలో వార్తలను తమంతట టైపు చేసిన యంత్రములను మీలో పెద్దలు చూచియే యుందురు. ఆ యంత్రములు పోయినను వాని పేరు యూనిక్సులో నిలిచియున్నది.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. లోపలి మోడెము అరచేయి వెడల్పు గల యొక పలక. పైకి ఒక్క తీరుగ కనబడు ఈ పలకలలో రెండు జాతులు కలవు. ఈ భేదము తెలియనిచో తక్కిన శ్రమ యంతయు బూడిదలో పోసిన పన్నీరగును.

మొదటి జాతి సంపూర్ణమైన మోడెము. దానిపై మూడు అంగములుండును. కంప్యూటరుతో అక్షరములను ఇచ్చి పుచ్చుకొను సీరియలు పోర్టు ఒకటి. మన యాజ్ఞలను గ్రహించి నడపు కంట్రోలరు రెండవది. ధ్వనులను పుట్టించుటకును విని విప్పుటకును కావలసిన లెక్కలు చేయు చిప్పు మూడవది. ఇట్టి మోడెమునకు కర్నెలు ప్రత్యేకముగా నేర్వవలసినది లేదు. సీరియలు పోర్టుతో మాటలాడుట దానికి ముందే తెలియును.

రెండవ జాతికి విన్‌మోడెమని పేరు. 1990 దశాబ్దపు ఉత్తరార్ధమున ధర తగ్గించుటకై తయారీదారులు పలకపైనుండి కంట్రోలరును, కొన్నిటియందు లెక్కలు చేయు చిప్పును కూడ తీసివేసిరి. ఆ పని నంతయు కంప్యూటరు యొక్క ప్రధాన ప్రాసెసరుపై మోపి, దానికి కావలసిన ప్రోగ్రామును విండోస్ వ్యవస్థకు మాత్రమే వ్రాసి యిచ్చిరి. ఆ ప్రోగ్రాము లేనిచో ఆ పలక ఎద్దు లేని కాడి వంటిది.

చౌకగా చేయుట తప్పు కాదు. ఆ పలకతో ఎట్లు మాటలాడవలెనో వ్రాసి ప్రకటించి యుండినచో, యూనిక్సువారు తమ ప్రోగ్రామును తామే వ్రాసికొని యుందురు. అనేక సంస్థలు ఆ వివరములను దాచిపెట్టినవి. కొన్ని సంస్థలు లినక్సునకు ప్రోగ్రామును ఇచ్చినను, అందు ముఖ్యభాగమును చదువ వీలులేని రూపమున ఇచ్చినవి. కర్నెలు కొన్ని నెలల కొకసారి మాఱుచుండును. మూసిన ప్రోగ్రాము దానితో మాఱజాలదు. తయారీదారు చేయి విడిచిననాడు ఆ ప్రోగ్రాము పాతకాలపు తాళమైపోయినది. తాళపుచెవి ఎవ్వరి యొద్దను లేదు.

నా యొద్ద రెండు పలకలు కలవు. ఒకటి 1990 దశాబ్దపు మధ్యకాలము నాటిది. పొడుగైనది, మసిబాఱినది, దానిపై చిన్న చిన్న సూదులును వానికి తొడుగు టోపీలును కలవు. రెండవది 2000వ సంవత్సర ప్రాంతమున కొన్నది; పొట్టిది, నేటికిని మెఱయుచుండును. మొదటిదానిని దానికి తగిన పాత కంప్యూటరులో నుంచి పలుకరించినప్పు డెల్ల అది సమాధానము చెప్పుచున్నది. రెండవదానికి ప్రోగ్రాము నిచ్చినవారు ఆ పని మానివేసిరి. నేటి కర్నెలు దానిని చూచి, ఇది యేదో పలక యని గుర్తించును గాని పలుకరింపజాలదు. ముసలిది పని చేయుచున్నది, పడుచుది మూలబడినది. రెంటికిని నడుమ నున్న భేదము వయస్సు కాదు, విద్య బహిరంగముగా నుండుట, లేకుండుట.

పలకను చూచి జాతిని గుర్తించు గుఱుతులు కొన్ని కలవు. పెట్టెపై విండోస్ తప్పక కావలెనని వ్రాసి యుండినను, మిక్కిలి చౌకగా నుండినను, పలకపై చిప్పులు ఒకటి రెండు మాత్రమే యుండినను సందేహింపవలెను. జంపరులని పిలువబడు సూదులును టోపీలును ఉండినచో అది చాలవఱకు సంపూర్ణమైనది. పొడుగైన నల్లని గాడిలో కూర్చుండునవి ఐసా పలకలు. పొట్టియైన తెల్లని గాడిలో కూర్చుండునవి పీసీఐ పలకలు. విన్‌మోడెములు ఎక్కువగా పీసీఐ జాతియందే కలవు. నేటి కంప్యూటరులలో ఐసా గాళ్లు సాధారణముగా నుండవు గనుక ఈ పని యంతయు పాత పెట్టెలకు చెందినది.

ఇక నెలకొల్పు క్రమము. మొదట విద్యుత్తును పూర్తిగా తొలగించి, టెలిఫోను తీగెను ఊడదీసి, పెట్టె యొక్క లోహపు భాగమును చేతితో తాకి, అటుపిమ్మట పలకను గాడిలో నిటారుగ నొక్కి మరచుట్టు బిగింపవలెను. పలకకు రెండు టెలిఫోను రంధ్రములుండిన, గోడనుండి వచ్చు తీగె ఒకదానికి, మాటలాడు ఫోను రెండవదానికి. పలకపై వ్రాసిన గుర్తులను చూచి తగిలింపవలెను.

పలక కూర్చున్న తరువాత కర్నెలు రెండు సంగతులు తెలిసికొనవలెను. మొదటిది చిరునామా, అనగా ఆ పోర్టును ఏ సంఖ్య గల ద్వారమున పిలువవలెనో. రెండవది ఇంటరప్టు, అనగా అక్షరము వచ్చినప్పుడు మోడెము ఏ గంటను మ్రోగించి కర్నెలును పిలుచునో. వాడుకలో నాలుగు పోర్టులకు నిర్ణయమైన చిరునామాలు కలవు: మొదటిది 3ఎఫ్8, గంట 4, రెండవది 2ఎఫ్8, గంట 3, మూడవది 3ఈ8, గంట మరల 4, నాలుగవది 2ఈ8, గంట మరల 3. చూడుడు, పోర్టులు నాలుగు, గంటలు రెండే. ఐసా పద్ధతిలో ఇద్దఱు ఒకే గంటను పంచుకొనుట సాధారణముగా పొసగదు. వీధిలో రెండిండ్లకు ఒకే గంట కట్టినచో ఎవరింటికి చుట్టము వచ్చెనో తెలియదు గదా!

కావున మోడెమును మూడవ పోర్టుగా నుంచినప్పుడు జంపరును మార్చి దానికి 5వ గంట వంటి ఖాళీ గంట నీయవలెను. లేదా కంప్యూటరుకు పుట్టుకతో వచ్చిన రెండవ పోర్టును, వాడనిచో, ప్రారంభ సన్నాహ పట్టికలో మూసివేసి, ఆ చిరునామాను ఆ గంటను మోడెమున కీయవలెను. రెండవ పద్ధతి చిక్కు లేనిది.

ఇచ్చట మిక్కిలి మంది తడబడు స్థలమొకటి కలదు. లినక్సులో 'సెట్‌సీరియల్' అను ఆజ్ఞ కలదు. టీటీవైఎస్-2 యొక్క గంట 5 అని దానితో వ్రాసినచో మోడెము 5వ గంటకు మాఱునని భ్రమపడుదురు. అట్లు కాదు. జంపరు పలకను మార్చును. సెట్‌సీరియల్ కర్నెలునకు కబురు మాత్రము చెప్పును. ఇల్లు మాఱుట యొకటి, ఇల్లు మాఱినదని తపాలా జవానుకు తెలుపుట మఱియొకటి. రెండును జరిగి, రెండును ఒక్కటిగా నున్నప్పుడే ఉత్తరము చేరును. చిరునామా తప్పినచో మోడెము అసలే పలుకదు. గంట తప్పినచో వింత జరుగును: మోడెము పలుకును గాని, ఒక్కొక్క మాట అనేక సెకనుల తరువాత మెల్లగా వచ్చును. ఈ మందగతిని చూచి తీగె చెడినదని అనుకొనరాదు. గంట తప్పినదని గ్రహింపవలెను.

పీసీఐ పలకలకు జంపరులుండవు. చిరునామాను గంటను కంప్యూటరే పంచిపెట్టును. ఆ పద్ధతిలో గంటను పంచుకొనుటయు సాధ్యమే. 'ఎల్‌ఎస్‌పీసీఐ' అను ఆజ్ఞ నిచ్చినచో గాళ్లలోని పలకల జాబితా తెరపై వచ్చును. సంపూర్ణమైన మోడెము అందు సీరియలు పోర్టుగానో మోడెముగానో కనబడును. కర్నెలు దానికి సాధారణముగా టీటీవైఎస్-4 గాని ఆ తరువాతి పేరు గాని ఇచ్చును. కర్నెలు లేచునప్పుడు వ్రాయు నివేదికలో '16550ఏ' అను సంఖ్యతో ఆ పేరు కనబడినచో మంచి శకునము. ఆ సంఖ్య సీరియలు చిప్పు యొక్క జాతి. 16 అక్షరములను నిలువయుంచుకొను గాదె దానికి కలదు గనుక కర్నెలు కొంత యాలస్యము చేసినను అక్షరములు జాఱిపోవు.

ఇప్పుడు మోడెమును పలుకరింతము. 'మినికామ్' అను ప్రోగ్రామును తెఱచి, దానికి పోర్టు పేరు చెప్పి, 'ఏటీ' యని రెండక్షరములు కొట్టి ఎంటర్ మీట నొక్కవలెను. హేస్ సంస్థ 1981లో పెట్టిన ఈ యాజ్ఞకు, ఆలకింపుమని యర్థము. తరువాత వచ్చిన మోడెములన్నియు ఇంచుమించుగా ఈ భాషనే నేర్చినవి. ఒక భాష అందఱికి తెలిసినదగుట వలన నెంత మేలో ఇందు చూడవచ్చును. మోడెము వెంటనే 'ఓకే' యని పలికెనా, పలక, చిరునామా, గంట మూడును సరియైనవని నమ్మవచ్చును. ఆ మాట వచ్చువఱకు ముందునకు పోరాదు.

పిమ్మట 'ఏటీడీటీ' యను ఆజ్ఞ తరువాత సంఖ్య కొట్టినచో మోడెము ఆ సంఖ్యకు ఫోను చేయును. పాత యెక్స్ఛేంజీలలో సంఖ్యను టకటకల లెక్కతో చెప్పవలసినచో 'ఏటీడీపీ' యనవలెను. మన యెక్స్ఛేంజీల స్వరము కొన్ని విదేశపు మోడెములకు పరిచితము కాదు. అప్పు డవి స్వరము లేదని మొఱవెట్టి ఊరకుండును. ఏటీ తరువాత 'ఎక్స్3' చేర్చినచో స్వరమునకై వేచియుండక సంఖ్యను చెప్పును.

దీని తరువాతిది పెద్దలు ముఖ్యముగా వినవలసిన విషయము: ఎవరికి ఫోను చేయు అధికారము? మోడెము చేయు పిలుపులకు డబ్బు పడవచ్చును. ఆ పద్దు యజమానుని పేర వచ్చును. యూనిక్సు ఈ సంగతిని చక్కగా ఆలోచించినది. డెవ్ అరలోని మోడెము దస్త్రమునకు సొంతదారును, ఒక బృందమును ఉందురు. డెబియన్ అను లినక్సులో ఆ బృందమునకు 'డయలౌట్' అని పేరు. ఆ బృందములో పేరున్నవానికి మాత్రమే మోడెమును తాకు హక్కు కలదు. అందఱకును హక్కు నిచ్చుట సులభము. చాలమంది ఆ దారినే పోవుదురు. అది ధాన్యపు కొట్టుకు తాళము వేయక పండుకొనుట వంటిది. రూట్ అను సర్వాధికారి పేరుతో నిత్యము ఫోను చేయుటయు తగదు. ఇంటిలో నెవరికి అవసరమో వారి పేర్లనే బృందమున చేర్పవలెను.

ఇక ఇంటర్నెట్టుతో సంధి. ఫోను కలిసినంత మాత్రమున పని ముగియదు. రెండు కంప్యూటరులును ఒక మర్యాదను పాటింపవలెను. ఆ మర్యాదకు పీపీపీ యని పేరు. దాని ప్రమాణము 1994లో స్థిరపడినది. లినక్సులో ఈ పనిని 'పీపీపీడీ' యను ప్రోగ్రాము చేయును. దానికి సహాయకుడు 'చాట్'. చాట్ యొక్క పని వంతుపాట వంటిది. ఇదిగో నీవు ఏటీ యనుము, ఓకే యని వచ్చువఱకు ఆగుము, తరువాత సంఖ్య చెప్పుము, కలిసితినను మాట వచ్చువఱకు ఆగుము: ఇట్లు వ్రాసియిచ్చిన కాగితమును బట్టి అది నడచును. కలిసిన పిమ్మట పీపీపీడీ అందుకొని, మన పేరును రహస్య పదమును ఆవలికి చెప్పి, మన కంప్యూటరునకు తాత్కాలికముగా నొక ఇంటర్నెట్టు చిరునామాను సంపాదించును. రహస్య పదము గల దస్త్రమును రూట్ తప్ప నితరులు చదువకుండునట్లు చూచుకొనవలెను.

మూడు నిర్ణయములను మఱువరాదు. కంప్యూటరునకును మోడెమునకును నడుమ వేగమును 115,200గా నుంచవలెను. మోడెము సమాచారమును కుదించి పంపునపుడు లోపలి దారి బయటి దారికన్న వెడల్పుగా నుండుట మంచిది. తెలియని చిరునామాలకు పోవు సమాచారమంతయు ఈ దారినే పోవునట్లు చెప్పవలెను. పేర్లను సంఖ్యలుగా మార్చి చెప్పు కంప్యూటరుల చిరునామాలను ఆవలివారి నుండి అడిగి తీసికొనవలెను. డెబియన్‌లో ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగ నడిగి దస్త్రములను వ్రాసిపెట్టు సాధనము కలదు. అటుపిమ్మట 'పాన్' అన్నచో ఫోను కలియును, 'పాఫ్' అన్నచో తెగును.

పని చేయనప్పుడు వెదకు క్రమమును చెప్పెదను. బావి నీరు పొలమునకు రానిచో మీరు మొదట మడిని త్రవ్వరు. మోటు నుండి మొదలిడి కాలువ వెంట నడచి గండి యెక్కడనో చూతురు. ఇదియు నట్లే. ఏటీ యన్న ఓకే రాలేదా, పలక, చిరునామా, హక్కులను చూడుడు. ఓకే మెల్లగా వచ్చెనా, గంటను చూడుడు. ఓకే వచ్చి ఫోను కలియలేదా, తీగెను, స్వరమును, సంఖ్యను చూడుడు. ఫోను కలిసి వెంటనే తెగెనా, పేరును రహస్య పదమును చూడుడు. అన్నియు కలిసి, సంఖ్యారూపమైన చిరునామాకు 'పింగ్' అను పలుకరింపు చేరి, పేరు గల చిరునామాకు చేరకున్నచో, పేర్లు చెప్పు కంప్యూటరు సంగతి చూడుడు. సంఖ్యకును చేరనిచో దారి చెప్పలేదన్నమాట. మధ్య మధ్య తెగుచుండినచో వేరొక గదిలో నెవరైన ఫోను ఎత్తుచున్నారేమో విచారింపుడు. ఒక్కసారి ఒక్కదానినే మార్చి చూడవలెను. రెండు మార్చినచో ఏది గుణమిచ్చెనో తెలియదు.

వర్షాకాలమునకు చెందిన హెచ్చరిక యొకటి. మెఱుపు టెలిఫోను తీగె వెంట నింటిలోనికి రాగలదు. వెలుపలి మోడెమైన తాను కాలి పోవుటతో తఱచు ఆగును. లోపలి మోడెము కంప్యూటరు గర్భముననే యున్నది గనుక పెట్టె యంతయు నష్టము కావచ్చును. ఉఱుము వినబడకమునుపే, మబ్బు పట్టినప్పుడే, గోడనుండి తీగెను ఊడదీయుట ఉత్తమము. విద్యుత్తు మీట నొక్కి కట్టుట మాత్రమే చాలదు. తీగె తగిలియున్నంత వఱకు అపాయము తగిలియే యున్నది.

ఇంతవఱకు చెప్పినదానిలో ఏ యొక్క మెట్టునందును మాయ లేదని మీరు గమనించి యుందురు. పలకకు చిరునామా కలదు, దానిని చూడవచ్చును. గంట కలదు, దానిని మార్చవచ్చును. ఆజ్ఞ కలదు, దాని యర్థము పుస్తకమున నున్నది. యూనిక్సులో 'మాన్' అని కొట్టి ఆజ్ఞ పేరు చెప్పినచో దాని వివరణ తెరపైననే వచ్చును. యంత్రము తన విద్యను తనతోనే మోయుచుండును. ఇట్టిదానిని మనమైన నేర్వవచ్చును, మన పిల్లలైన నేర్వవచ్చును, తయారీదారు దుకాణము మూసినను ఊరిలోని యొక చురుకైన బాలుడు బాగుచేయవచ్చును. విన్‌మోడెము విషయమున ఆ బాలుని తెలివి యెంతదైనను ద్వారముకడనే నిలిచిపోవలసి వచ్చినది.

టెలిఫోను మార్గపు మోడెమును మీరు ఇకమీద కొనకపోవచ్చును. కాని పొలమునకు కొలతల యంత్రమో, ఇంటికి కొత్త మీటరో, పంటకు చెప్పుడు మాటల ఫోనో మీ గడపకు రాక మానవు. అప్పుడు ధరను అడిగిన పిమ్మట మఱి రెండు ప్రశ్న లడుగుడు. ఇది ఏ భాషలో మాటలాడును, ఆ భాష అందఱికిని ప్రకటితమైనదా? నీవు రేపు లేకపోయినచో దీనిని నడపువా డెవడు? తృప్తికరమైన సమాధానము వచ్చినచో రెండు రూపాయలు హెచ్చిచ్చినను నష్టము లేదు. రానిచో, ఎంత చౌకగా వచ్చినను, అది మన సొమ్ముతో తెచ్చుకొన్న పరాధీనత యని యెఱుగుడు.